యాపిల్ పప్పులో తాటిబెల్లం

ఒక్క మాట. 'లేదు' అన్నాను. ఆ ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను. బరువు తగ్గుతుందేమో అని చూశాను, తగ్గలేదు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఇంట్లో గాజు గ్లాసు పగిలినా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేక ఫోన్ చేసి చెప్పే మనిషిని నేను. ఈ సంగతి మాత్రం నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఓదార్చకండి. వినండి చాలు.

మేముండేది నల్లగండ్లలో, ఒక పెద్ద అపార్టుమెంటులో. మాది తెనాలి వైపు. హైటెక్ సిటీలో ఉద్యోగం నాది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే వేరేవాళ్ళు చేసిన పనిలో తప్పులు వెతికి పట్టుకోవడం. మీకు నవ్వొస్తే నవ్వండి, నాకు ఆ నవ్వు ఎప్పుడో పోయింది.

మా ఎదురింట్లో పెద్దవాళ్ళు ఇద్దరు. పేర్లు మార్చి చెబుతాను. ఆయన్ను నర్సింహులు గారని, ఆవిడను సత్తెమ్మ గారని అనుకోండి. ఇద్దరూ నార్సింగి వాళ్ళు. పొలాలున్న చోట టవర్లు లేచాక కొడుకు కొన్న ఫ్లాటులోకి వచ్చి ఉంటున్నారు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసుకు పోతే చీకటి పడ్డాకే వస్తారు. నర్సింహులు గారు మాత్రం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని బస్సెక్కి నార్సింగి చౌరస్తాకు పోయేవారు. అక్కడ ఒక చాయ్ హోటల్ ముందు బెంచీ ఉంది. పాత దోస్తులు నలుగురైదుగురు ఆ బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నం దాకా మాట్లాడుకునేవారు. ఆయనకు షుగర్. అందుకని ఆయన చాయ్‌లో చక్కెర ఉండేది కాదు. 'చక్కెర లేని చాయ్, మంది లేని ఇల్లు ఒక్కటే బిడ్డా' అని నాతో లిఫ్టులో నవ్వుతూ అనేవారు. ఆ బెంచీయే ఆయన లోకం. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే దాన్ని ఆయన నుంచి తీసేసింది నేనే.

మా పాపకు అప్పుడు మలబద్ధకం. పళ్ళు ఉడకబెట్టి పెట్టమని డాక్టరు చెప్పింది. మా ఆఫీసు క్యాంటీన్లో పెరుగు మీద ఉడికిన పళ్ళు వేసి చిన్న గిన్నెలో ఇచ్చేవారు, కాంపోట్ అని పేరు. అదే ఇంట్లో చేయడం మొదలుపెట్టాను. యాపిల్స్, ఇక్కడ బండ్ల మీద నాస్పాతి అని అమ్మే బేరిపళ్ళు, చెక్కు తీసి, గింజల భాగం కోసేసి, చిన్న ముక్కలు చేయాలి. నల్లబడకుండా కాస్త నిమ్మరసం పిండాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో కొద్దిగా నీళ్ళు పోసి, ఒక దాల్చినచెక్క ముక్క వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. కాసేపటికి బేరిపండు తన నీళ్ళు తానే వదులుతుంది. అప్పుడు మూత తీస్తే ఇల్లంతా వాసన. నేను పప్పుగుత్తితో సగం మెదిపి, సగం ముక్కలుగా ఉంచేదాన్ని. మా పాప దాన్ని యాపిల్ పప్పు అంది. ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది.

ఒక ఆదివారం ఎదురింటికి ఒక డబ్బాలో పోసి ఇచ్చాను. సత్తెమ్మ గారు మూత తీసి వాసన చూసి, 'చక్కెర, బెల్లం గిట్ల ఏసినవా బిడ్డా?' అని అడిగారు. వేయలేదండి అన్నాను. అప్పటికి అది నిజం. ఆవిడ కాసింత వేలితో తీసుకుని చప్పరించి చూసి, నమ్మాకే ఆయనకు పెట్టారు.

ఆ సాయంత్రం నర్సింహులు గారే తలుపు తట్టి, డబ్బా తిరిగిచ్చారు. మన ఇళ్ళల్లో ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు కదా, అందులో లేత పుంటికూర ఉంది, అదే మా వైపు గోంగూర, చౌరస్తా నుంచి తెచ్చింది. 'ఎన్నేండ్లాయె బిడ్డా, గిట్ల నోరు తీపై. బతికి ఉన్నట్టు అనిపించింది' అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

ఎందుకంత సంబరం? ఆ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. ఆ ఏడాది ఆఫీసులో నా తరవాత చేరిన కుర్రాడికి ప్రమోషన్ ఇచ్చారు. నాకు 'మీరు టీముకు వెన్నెముక' అని ఒక మాట ఇచ్చారు. ఇంట్లో వంట ఎప్పుడూ హడావుడి, ఒక్క కూరకు కూడా ఎవరూ బాగుందని అనరు. అలాంటప్పుడు ఒక పెద్ద మనిషి నా గిన్నె తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ పొగడ్త నాకు అలవాటైపోయింది. ప్రతి ఆదివారం డబ్బా నింపి ఇచ్చేదాన్ని, ఆయన రోజుకు ఒక కప్పు చొప్పున వారమంతా తినేవారు. సత్తెమ్మ గారు పై అంతస్తు నుంచి కింది అంతస్తు దాకా చెప్పారు, ఎదురింటి అమ్మాయి తీపి లేకుండా తీపి చేస్తుందని. లిఫ్టులో ఎవరు కనిపించినా అదే మాట. నేను మురిసిపోతూ, ఏముందండీ అందులో అంటూ వయ్యారాలు పోయేదాన్ని.

అసలు సంగతికి వస్తున్నాను. వద్దామనుకుంటూనే పక్కకు పోతున్నాను, క్షమించండి.

వానాకాలం మధ్యలో ఒక వారం పళ్ళు బాగా రాలేదు. యాపిల్స్ పిండిలా ఉన్నాయి. బేరిపళ్ళు రాళ్ళలా ఉన్నాయి. ఎంత ఉడికించినా చప్పగా, దోసకాయ ఉడకబెట్టినట్టు ఉంది. అవి వాళ్ళకు ఇవ్వకపోతే సరిపోయేది. ఈ వారం పళ్ళు బాగాలేవండీ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ నాకు ఆ మాట అనబుద్ధి కాలేదు. అలమరలో మా ఊరి నుంచి అమ్మ పంపిన తాటిబెల్లం ఉంది. ఆఫీసులో ఎవరో అన్నారు, తాటిబెల్లం షుగర్ ఉన్నవాళ్ళు కూడా తినొచ్చు, అది మందులాంటిదని. ఒక పెద్ద ముక్క కరిగించి వడగట్టి పోశాను. గిన్నెలో రంగు మారింది, కాస్త గోధుమ రంగుకు తిరిగింది. అడిగితే దాల్చినచెక్క ఎక్కువైందని చెబుదామని అప్పుడే అనుకున్నాను.

ఇక్కడే ఆగి నన్ను నేను నిలదీసుకుంటున్నాను. తాటిబెల్లం మంచిదని నిజంగా నమ్మానా? నమ్మితే చెప్పి వేయవచ్చు కదా? ఎవరూ అడగకముందే దాల్చినచెక్క అబద్ధం ఎందుకు సిద్ధం చేసుకున్నాను? నేను నమ్మలేదు. నమ్మితే బాగుండునని అనుకున్నాను. ఆ రెండింటికీ తేడా నాకు ఆ రోజే తెలుసు.

మర్నాడు నర్సింహులు గారు వరండాలో ఎదురై, 'ఈ పారి మస్తుగున్నది బిడ్డా. ఏం చేసినవ్ మల్ల?' అన్నారు. ఇంకేముంది. మళ్ళీ ఆదివారం పళ్ళు బాగానే ఉన్నా బెల్లం వేశాను. ఆ పై ఆదివారం కూడా. ఒకసారి రుచి పెంచాక తగ్గిస్తే తెలిసిపోతుందని భయం. ఆ వానాకాలమంతా, చలి మొదలయ్యేదాకా, ఆ డబ్బాలో బెల్లం ఉంది.

మొదట సత్తెమ్మ గారు లిఫ్టులో చెప్పారు, ఆయనకు షుగర్ ఎక్కువ చూపిస్తోందని. వేలికి సూది గుచ్చి చూసే మిషన్ ఇంట్లోనే ఉంది. మిషన్ పాడైందేమో అని కొత్తది తెప్పించారు. అదీ అదే చెప్పింది. డాక్టరు మాత్రలు పెంచాడు. ఆ తరవాత ఇంజెక్షన్ రాశాడు. అయినా, ఒక కప్పుతో ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. రోజుకో కప్పు అని నాకు తెలుసు. తెలిసీ, ఆ ఆదివారం కూడా డబ్బా నింపాను. కాస్త తక్కువ వేశాను. చూశారా నా న్యాయం, మానేయలేదు, తగ్గించాను.

ఆవిడకు అనుమానం చౌరస్తా మీద పడింది. అక్కడ చాయ్ హోటల్ పక్కనే మిఠాయి దుకాణం ఉంది. ఒక మధ్యాహ్నం నేను ఇంటి నుంచి పని చేస్తున్నాను. బయట అరుపులు వినిపించి తలుపు కొంచెం తీసి చూశాను. నర్సింహులు గారు అప్పుడే వచ్చినట్టున్నారు, చెప్పులు కూడా విప్పలేదు. సత్తెమ్మ గారు ఆయన చొక్కా జేబులు వెతుకుతున్నారు. మా ఆఫీసు గేటు దగ్గర తనిఖీకి నిలబడ్డట్టు ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. జేబుల్లో రుమాలు, బస్సు టికెట్టు తప్ప ఏమీ లేవు. 'నీ మీద ఒట్టు, నేనేం తినలే' అంటున్నారు ఆయన. 'ఒట్లు పెట్టకు. మిషన్ అబద్ధం ఆడుతదా?' అంటున్నారు ఆవిడ. ఆయన నా వైపు చూశారు. నేను తలుపు వేసేశాను. చప్పుడు కాకుండా, మెల్లగా వేశాను. ఆ మెల్లగా వేయడం నాకు ఇప్పటికీ గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

ఆ మర్నాటి నుంచి చౌరస్తా బంద్. కొడుకు కూడా తల్లి మాటే అన్నాడు. ఆయన కింద పార్కులో గుండ్రంగా తిరిగి రావాలి, అంతే. అదీ ఆవిడ బాల్కనీలోంచి చూస్తుండగా. డబ్బా మాత్రం ఇంకా వచ్చి పోతూనే ఉంది. ఖాళీగా రాలేదు, కానీ అందులో పుంటికూర లేదు. సూపర్‌మార్కెట్ కవర్లో వచ్చే కొత్తిమీర ఉండేది.

ఇంకో వారం గడిచాక, ఒక సాయంత్రం ఆయనే వచ్చారు. చేతిలో డబ్బా లేదు. మా ఆయన ఇంకా రాలేదు. పాప లోపల బొమ్మలు వేసుకుంటోంది. కూర్చోమంటే కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, ఎదురింటి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

'బిడ్డా, ఒక్క మాట అడుగుత. ఏమనుకోవద్దు.'

'అడగండి అంకుల్.'

'గా పండ్ల దాంట్ల తీపి ఏమన్న కలుపుతున్నవా? చక్కెరో, బెల్లమో, ఏదన్న సరే. కలిపితే చెప్పు. నేనెవ్వరికీ చెప్ప. నాకు తెలిస్తే చాలు.'

ఇంతకంటే సులభంగా ఎవరైనా అడుగుతారా? తలుపు బార్లా తెరిచి, రా బిడ్డా అని పిలిచినట్టు అడిగారు. ఎవ్వరికీ చెప్పనని మాట కూడా ఇచ్చారు. చెప్పేద్దామనే అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. కానీ ఆ క్షణంలో నా కళ్ళ ముందుకొచ్చింది ఆయన కాదు. లిఫ్టు వచ్చింది. లిఫ్టులో ఆడవాళ్ళు, వాళ్ళ ముఖాలు, ఇన్నాళ్ళూ షుగర్ మనిషికి బెల్లం పెట్టిందట అనే మాట వచ్చింది.

'లేదండి అంకుల్. పళ్ళ తీపే' అన్నాను.

ఆయన తల ఊపారు.

'నువ్వు లేదంటే లేదే బిడ్డా. నీ మీద అనుమానంతోని అడగలే. ఇగ నాకే ఏదో అయితున్నట్టున్నది. నేనే ఏడనో తింటున్న. తిని మర్చిపోతున్న. గంతే గద? గంతకంటే వేరే ఏముంటది?'

ఆ ప్రశ్న ఆయన నన్నే అడిగారు. నేను అలా ఏమీ ఉండదులెండి, రెస్టు తీసుకోండి అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను. ఆయన తన ఇంటికి నాలుగడుగులు వేసి వెళ్ళిపోయారు.

ఆ వచ్చిన ఆదివారం నుంచి బెల్లం మానేశాను. రుచి తగ్గిందేమిటని అడిగితే పళ్ళు మారాయని చెప్పాను. మానేస్తే అంతా సర్దుకుంటుందని, ఎవరికీ తెలియకుండానే ఈ గండం గడిచిపోతుందని నా లెక్క. జరిగింది వేరు. కొద్ది రోజుల్లో ఆయన షుగర్ దిగింది. సత్తెమ్మ గారు సంతోషంగా మా ఇంటికొచ్చి మరీ చెప్పారు. 'చూసినవా బిడ్డా, చౌరస్తకు పోనియ్యకపోతే ఎట్ల దిగిందో. నేనప్పుడే చెప్పిన.' నేను బెల్లం వేయడం వల్ల ఆయన దొంగ అయ్యారు. మానేయడం వల్ల ఆ దొంగతనం రుజువైపోయింది. అప్పుడైనా నోరు విప్పవచ్చు. నీళ్ళు నమిలాను.

ఈలోగా ఆయన మారిపోయారు. భోజనానికి కూర్చోబోతూ, ఇందాక నేనేమన్న తిన్ననా అని భార్యను అడిగేవారట. కింద వాచ్‌మన్‌ను అడగడం నేనే విన్నాను. మతిమరుపు డాక్టరు దగ్గరికి దవాఖానకు తీసుకెళ్ళారు. ఏవో బొమ్మలు చూపించి, అంకెలు చెప్పించి, బాగానే ఉన్నారని పంపేశారట. బాగానే ఉన్న మనిషి తన బుర్రను తనే నమ్మడం మానేశాడు. ఎదురింటి అమ్మాయి అబద్ధం చెప్పదని నమ్మాడు కాబట్టి.

చివరకు ఆయన ఒప్పుకున్నారు. చేయని పనిని. సత్తెమ్మ గారు లిఫ్టులో ఆయన పక్కనుండగానే నాతో చెప్పారు. 'ఇన్ని దినాలు పరేషాన్ చేసి, ఇగ ఒప్పుకున్నడు బిడ్డా. చౌరస్త కాడ మిఠాయి తిన్న అన్నడు. ముందే చెప్తే అయిపోతుండె గద.' ఆయన నేల చూస్తూ నిలబడ్డారు. రోజూ అడుగుతుంటే విసిగి ఒప్పుకున్నారా, లేక నిజంగానే తిన్నానని నమ్మారా, నాకు ఇప్పటికీ తెలియదు. మా అంతస్తు వచ్చింది. ముగ్గురం దిగాం. నేను నా తాళంచెవి కోసం బ్యాగులో అవసరమైన దానికంటే ఎక్కువసేపు వెతికాను.

ఆయన మళ్ళీ చౌరస్తాకు వెళ్ళలేదు. ఆ బెంచీ మీది దోస్తుల్లో ఒకాయన ఆ చలికాలంలో మంచాన పడి చనిపోయారు. కడచూపుకు కొడుకు కారులో తీసుకెళ్ళి, కారులోనే తీసుకొచ్చాడు. ఆ తరవాత నేను ఇచ్చే డబ్బా కూడా వద్దన్నారు. తీపి మీద మనసు పోయింది బిడ్డా అన్నారు. నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ చెప్పాలి. హాయిగానే అనిపించింది.

పోయిన ఏడాది నర్సింహులు గారు పోయారు. గుండె ఆగిపోయింది. నా బెల్లానికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. లేదని నాకు నేను చెప్పుకోలేను, ఉందని చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు సత్తెమ్మ గారి దగ్గర కూర్చున్నాను. ఆవిడ గోడకు ఆనుకుని మాట్లాడుతున్నారు. 'అన్నేండ్ల కాపురంల ఒక్కటే ఒక్క అబద్ధమాడిండు బిడ్డా నాతోని, గా మిఠాయి సంగతి. అది గూడ ఆఖరికి ఒప్పుకున్నడు. మంచోడే' అన్నారు.

అక్కడ నాకు ఇంక కూర్చోవడం చేతకాలేదు. ఆంటీ, అప్పట్లో ఆ పళ్ళలో నేను కొంచెం బెల్లం వేశానేమో అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు. కోపం రాలేదు. నా చెయ్యి పట్టుకుని, 'ఆయనే ఒప్పుకున్నంక నువ్వెందుకు నీ మీదేసుకుంటవ్ బిడ్డా? నా దుఃఖం తగ్గాలని గట్లంటున్నవ్. నాకు తెల్వదా నీ సంగతి' అన్నారు. నేను కాదనలేదు. లేదండీ, నిజంగానే వేశాను అని రెండోసారి అనలేదు. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆవిడ నమ్మలేదని ఏడ్చానా, నమ్మనందుకు నాకు కలిగిన ఊరటకు ఏడ్చానా? వేశాను అనకుండా వేశానేమో అని ఎందుకు అన్నాను? ఆవిడ నమ్మకుండా ఉండేందుకు వీలుగా నేనే ఆ మాటను అలా తయారు చేశాను. ఇప్పుడు మీతో అంటున్నాను కాబట్టి నాకు తెలుస్తోంది.

ఆవిడ ఇంకా మా ఎదురింట్లోనే ఉన్నారు. ఇప్పటికీ వరండాలో కనిపిస్తే తిన్నవా బిడ్డా అని అడుగుతారు. మళ్ళీ వెళ్ళి చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. నా ధైర్యం ఎంతో మీరూ చూశారు కదా.

ఇక్కడ మాత్రం ఏమో అనే మాట లేకుండా రాస్తున్నాను. తాటిబెల్లం నేనే కలిపాను, వారం తరవాత వారం, తెలిసి కలిపాను. ఆయన నా గడపలో నిలబడి అడిగినప్పుడు లేదన్నాను. నర్సింహులు గారు చౌరస్తాలో ఏమీ తినలేదు. మీరైనా ఆయన్ను నమ్మండి.